పైదే

పీతల ఫ్యాక్టరీ భోజనాల గదిలో
వెనిగర్ మరకల బల్ల మీద
ఏడు సీజన్ల మినిట్స్ పుస్తకాలు పేర్చి పెట్టారు.
నా పని చిన్నదే.
ఈ కమిటీ పనిచేస్తోందో లేదో
ఐదు మార్కుల్లో చెప్పాలి.

కార్మికుల వైపు నలుగురు, కంపెనీ వైపు నలుగురు,
ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా
ప్రతి నెలా రెండో మంగళవారం.
కోరం తప్పలేదు. సంతకాలు తప్పలేదు.
ఏప్రిల్ మంచుకి న్యూఫౌండ్‌లాండ్ రోడ్లన్నీ మూసుకుపోయిన రోజున
స్నోమొబైల్ మీద వచ్చి మరీ సంతకం పెట్టాడు సెల్బీ రైడౌట్.
మొదటి గడిలో ఐదుకి ఐదు వేశాను.
పెన్ను హాయిగా కదిలింది.

తర్వాత చదవడం మొదలుపెట్టాను.

"ఉడకబెట్టే గదిలో ఆవిరి లాగే ఫ్యాను, పరిశీలనలో ఉంది."
మొదటిసారి పేజీ నిండా ఉంది.
కొటేషన్లు, కొలతలు, ఎవరో పెన్సిల్‌తో గీసిన బొమ్మ.
మూడోసారికి ఒక వాక్యం.
తొమ్మిదోసారికి రెండు మాటలు.
ఆ తర్వాత నుంచి
"పైదే."
వేలు పెట్టి లెక్కపెట్టాను, ముప్పై సార్లు.

డల్సీ పార్డీ దగ్గు మాత్రం
మినిట్స్‌లోకి ఒక్కసారీ ఎక్కలేదు.
గోడ అవతల నుంచి నాకు వినిపిస్తూనే ఉంది.
మొదటి పడవతో పాటు వచ్చి
గేటుకి తాళం పడ్డాక పోయే దగ్గు.
"పీత పట్టింది" అంటారు ఇక్కడ,
జలుబు పట్టిందన్నంత తేలిగ్గా.

గోడ మీద బోర్డు: ప్రమాదం లేని రోజులు, 3.
పక్కనే ఫ్రేము కట్టిన నిరుటి ఫొటో: 94.
అందరికీ కొత్త జాకెట్లు, అందరివీ నవ్వులు.
ఆ అంకె పెరగడానికి దారులు రెండు.
ఒకటి, ఎవరికీ ఏమీ కాకపోవడం.
రెండోది చవక.

మేనేజరు పెన్వెల్ చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు.
చెడ్డవాడైతే నివేదిక మధ్యాహ్నానికే అయిపోయేది.
"ఏడేళ్లలో ఒక్క ఓటింగు అవసరం పడలేదు మేడం,
అంత సఖ్యత" అని టీ పోశాడు.
సెల్బీ చెంచా తిప్పుతూనే ఉన్నాడు,
చక్కెర కరిగి చాలాసేపయినా.

తర్వాత రేవు దగ్గర దొరికాడు.
"సిఫారసు చేస్తే ఇరవై ఒక్క రోజుల్లో జవాబు రాయాలి వాళ్లు.
రాస్తారు. పరిశీలనలో ఉంది అన్నదీ జవాబే కదా!"
ఒక సీగల్ చేప తల కోసం ఇంకో సీగల్‌ని తరుముతోంది.
"మరెందుకొస్తావు?"
కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మే నెల సంగతి చెప్పాడు.

మనీలా నుంచి ఒప్పందం మీద వచ్చిన పిల్ల, మరివిక్,
కమిటీలో లేదు, పిలవలేదు కూడా,
తలుపు తోసుకొచ్చి బల్ల మీద ఒక గ్లవ్ పెట్టింది.
మూడో బెల్టు కొరికిన గ్లవ్. రెండు వేళ్ల కొసలు లేవు.
తన వేళ్లు పైకెత్తి చూపింది, ఐదూ ఉన్నాయి.
"అదృష్టం" అని కూర్చుంది.
ఆ రాత్రే బెల్టుకి కవచం వచ్చింది.
కొటేషన్ లేదు, బొమ్మ లేదు.

జూన్ నుంచి
ప్రమాదాల పుస్తకంలో పేజీలు నిండడం మొదలైంది.
నిరుడు మూడు, ఈ సారి పంతొమ్మిది.
"దిగజారిపోయాం" అని పెన్వెల్ మొహం మాడ్చుకున్నాడు.
నా ఫారంలోనూ అదే ప్రశ్న:
సంఖ్య తగ్గిందా? అవును, కాదు.
దెబ్బలు పెరిగాయా, నోళ్లు తెరుచుకున్నాయా
అని అడిగే గడి ఎక్కడా లేదు.
మార్జిన్‌లో రాశాను. మార్జిన్ చాల్లేదు.

ఇవాళ సీజను చివరి సమావేశం.
ఈసారి మరివిక్‌కి కుర్చీ వేశారు.
సెక్రటరీ గడగడా చదువుకుపోతున్నాడు.
అంశం నాలుగు. పైదే. అంశం ఐదు...

"ఆగండి" అంది మరివిక్,
"పైదే అంటే, పైన ఏముంది?"

ఎవరూ చెప్పలేదు.
సెల్బీ కళ్లజోడు పెట్టుకుని
పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని
వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు,
జూలై, జూన్, మే,
నిరుడు, ఆ పైయేడు,
పెన్సిల్ బొమ్మ ఉన్న పేజీ దాకా.
గోడ అవతల డల్సీ దగ్గుతోంది.
పెన్వెల్ కూడా
వింటున్నాడు.